షేర్లు, బాండ్లలో తొలి మదుపు: కొత్తవారికి మెట్టు మెట్టుగా సమగ్ర మార్గదర్శి

మదుపు నేర్చుకోవాలనుకునేవారు సాధారణంగా మొదట అడిగేది "ఏ షేరు కొనాలి?" అని. దానికి ముందు తేల్చుకోవలసిన ప్రశ్న మరొకటి ఉంది: ఈ డబ్బు మళ్లీ ఎప్పుడు కావాలి? వచ్చే జూన్‌లో కాలేజీ ఫీజు కట్టడానికి దాచిన లక్ష రూపాయలూ, ఇరవై ఏళ్ల తర్వాత ఉద్యోగ విరమణకు పనికొచ్చే లక్ష రూపాయలూ అంకెల్లో ఒకటే అయినా, వాటిని పెట్టవలసిన చోటు ఒకటి కాదు. ప్రతి రూపాయికీ దాని ఏడాది ఏదో నిర్ణయించుకుంటే షేర్లలో ఎంత, బాండ్లలో ఎంత అన్నది చాలావరకు దానంతటదే తేలిపోతుంది. ఈ వ్యాసం మన దేశపు మార్కెట్లను, ఇక్కడి నియమాలను దృష్టిలో పెట్టుకుని, నెల ఖర్చులు పోను కొంత మిగులుతున్న కొత్త మదుపరుల కోసం రాసినది.

మొదటి మెట్టు: ముందు అప్పుల లెక్క

మన ఊళ్లలో వడ్డీని ఏడాదికి ఇంత శాతమని చెప్పుకోరు, నూటికి నెలకు ఎన్ని రూపాయలని చెప్పుకుంటారు. మార్కెట్ లెక్కలు వంటబట్టాలంటే దీన్ని ఏడాది శాతాల్లోకి మార్చుకోవడం అలవాటు చేసుకోవాలి. నూటికి రూపాయి వడ్డీ అంటే ఏడాదికి 12 శాతం, రెండు రూపాయల వడ్డీ అంటే 24 శాతం. క్రెడిట్ కార్డు బాకీ మీద నెలకు 3 శాతానికి పైగా పడే వడ్డీ ఏడాదికి 36 శాతం దాటిపోతుంది. షేర్లలో దీర్ఘకాలం మీద ఏడాదికి సగటున 11, 12 శాతం వస్తే అది మంచి రాబడి కిందే లెక్క. కాబట్టి రెండు రూపాయల వడ్డీకి తెచ్చిన అప్పును అలాగే ఉంచి షేర్లు కొనడం తెలిసి తెలిసి నష్టపోవడమే అవుతుంది. ఆ అప్పు తీర్చడాన్ని మించిన మదుపు ఆ ఇంటికి లేదు. గృహరుణం లాంటి తక్కువ వడ్డీ అప్పు సంగతి వేరు, దాన్ని కడుతూనే మదుపు మొదలుపెట్టవచ్చు.

ఇదే లెక్క మరో విధంగానూ అక్కరకొస్తుంది. కేంద్ర ప్రభుత్వ పదేళ్ల బాండు మీద రాబడి ఇటీవలి సంవత్సరాల్లో సుమారు ఆరు, ఏడున్నర శాతాల మధ్య కదలాడింది. ఎవరైనా మీ డిపాజిట్ మీద నూటికి రెండు రూపాయలు "గ్యారంటీగా" ఇస్తామంటే, దేశ ప్రభుత్వం ఇవ్వగలిగినదానికి మూడు రెట్లకు పైగా ఇస్తామంటున్నారన్నమాట. ఆ డబ్బు ఎక్కడి నుంచి వస్తుందో అడగకుండా ఇచ్చేవారు ఏమవుతారో తెలుసుకోవడానికి తెలుగువారు దూరం వెళ్లనక్కరలేదు, అగ్రిగోల్డ్ డిపాజిటర్ల గోడు రెండు రాష్ట్రాలూ చూశాయి.

అప్పుల తర్వాత, ఆరు నెలల ఇంటి ఖర్చుకు సరిపడే మొత్తాన్ని బ్యాంకు డిపాజిట్‌లో విడిగా ఉంచండి. బ్యాంకు మూతపడినా అసలు, వడ్డీ కలిపి ఒక బ్యాంకులో ఒక వ్యక్తికి 5 లక్షల రూపాయల వరకు డిపాజిట్ బీమా ఉంటుంది. ఇంటిల్లిపాదికీ ఆరోగ్య బీమా లేకపోతే అది కూడా మదుపు కన్నా ముందే తీసుకోవాలి, ఎందుకంటే ఆసుపత్రి బిల్లు కట్టడానికి షేర్లు అమ్మవలసి వచ్చే రోజు మార్కెట్ పడిపోయి ఉండదన్న భరోసా ఎవరూ ఇవ్వలేరు.

రెండో మెట్టు: అప్పిచ్చేవాడు, యజమాని

బాండు అంటే ప్రామిసరీ నోటు లాంటిదే. అప్పు తీసుకునేది ప్రభుత్వమో, పురపాలక సంస్థో, కంపెనీయో కావడం, ఆ నోటును గడువు తీరకముందే మార్కెట్లో మరొకరికి అమ్ముకోగలగడం మాత్రమే తేడా. నోటు మీద రాసిన అసలును ముఖ విలువ అంటారు, దాని మీద ఇచ్చే వడ్డీని కూపన్ అంటారు, అసలు తిరిగి ఇచ్చే రోజును మెచ్యూరిటీ అంటారు. కంపెనీకి ఎంత లాభం వచ్చినా బాండు పట్టుకున్నవారికి రాసిన వడ్డీకి మించి పైసా రాదు. అయితే కంపెనీ మూతపడి ఆస్తులు అమ్మవలసి వస్తే, వాటాదారుల కన్నా ముందు అప్పిచ్చినవారికే చెల్లించాలి.

షేరు అంటే ఆ కంపెనీలో యాజమాన్యపు ముక్క. అప్పులు, వడ్డీలు, జీతాలు, పన్నులు అన్నీ కట్టాక మిగిలినదంతా వాటాదారులదే. ఆ మిగులులో కొంత డివిడెండుగా చేతికొస్తుంది, కొంత వ్యాపారంలోనే ఉండి కంపెనీ విలువను పెంచుతుంది. మిగులు ఎంతో ముందుగా ఎవరూ చెప్పలేరు కాబట్టే షేరు ధర అంతగా ఊగుతుంది, ఆ ఊగిసలాటను భరించినందుకే దీర్ఘకాలంలో బాండు కన్నా ఎక్కువ రాబడి ఆశించగలం.

ఎంతగా ఊగుతుందో కళ్లకు కట్టాలంటే సెన్సెక్స్ చరిత్ర చాలు. ముంబయి స్టాక్ ఎక్స్ఛేంజిలోని 30 పెద్ద కంపెనీల సగటు కదలికను చూపే ఈ సూచీ 1978-79ని 100గా తీసుకుని లెక్కించినది. 2008 జనవరిలో అది 21,000 దాటింది. అదే ఏడాది అక్టోబరులో ఒక దశలో 8,000 కిందికి దిగింది. మళ్లీ 21,000 చేరడానికి 2010 నవంబరు దాకా పట్టింది. 2020 మార్చి 23న, కొవిడ్ భయంతో, ఒక్కరోజులోనే 3,935 పాయింట్లు, అంటే 13 శాతానికి పైగా పడిపోయింది. ఆ ఏడాది నవంబరు నాటికి పాత గరిష్ఠాన్ని తిరిగి అందుకుంది. ఈ రెండు సందర్భాల్లోనూ ఓపిక పట్టినవారు కోలుకున్నారు, మధ్యలో డబ్బు అవసరమై అమ్ముకున్నవారు కోలుకోలేదు. ఓపిక పడితే ఎప్పుడూ తిరిగి వస్తుందనుకోవడం కూడా సరికాదు. జపాన్‌లో నిక్కీ సూచీ 1989 డిసెంబరు నాటి గరిష్ఠాన్ని దాటడానికి 2024 ఫిబ్రవరి దాకా ఆగవలసి వచ్చింది. అందుకే అయిదేళ్ల లోపు కావలసిన డబ్బు షేర్లలో ఉండకూడదని, పదేళ్లకు పైగా అక్కరలేని డబ్బు కూడా అంతా షేర్లలోనే ఉండకూడదని నా దృఢమైన అభిప్రాయం.

బాండ్లలో మాత్రమే ఉంటే ఏం పోతుందని కొందరు అడుగుతారు. ధరలు ఏటా 6 శాతం చొప్పున పెరిగితే సుమారు పన్నెండేళ్లకు జీవన వ్యయం రెట్టింపు అవుతుంది. 7 శాతం వడ్డీ మీద పన్ను కట్టగా మిగిలేది ఆ పెరుగుదలకు సరిపోకపోవచ్చు. అంకె పెరుగుతూనే కొనుగోలు శక్తి తరుగుతూ ఉంటుంది, బ్యాంకు పుస్తకంలో అది కనిపించదు.

మూడో మెట్టు: ఖాతాలు తెరవడం

షేర్లు కొనడానికి మూడు ఖాతాలు కలిసి పనిచేస్తాయి. డబ్బు బ్యాంకు ఖాతాలో ఉంటుంది, కొనుగోలు ఆర్డరు బ్రోకరు వద్ద ఉన్న ట్రేడింగ్ ఖాతా నుంచి వెళ్తుంది, కొన్న షేర్లు డీమ్యాట్ ఖాతాలో జమ అవుతాయి. పాన్ కార్డు, ఆధార్, ఆధార్‌తో అనుసంధానమైన మొబైల్ నంబరు, బ్యాంకు వివరాలు ఉంటే ఇంట్లో కూర్చునే ఈ పని పూర్తవుతుంది. బ్రోకరు పేరు మార్కెట్ల నియంత్రణ సంస్థ సెబీ వెబ్‌సైట్‌లోని నమోదిత మధ్యవర్తుల జాబితాలో ఉందో లేదో స్వయంగా చూసుకోండి. మీ దగ్గర ఉన్న షేర్ల విలువ 4 లక్షల రూపాయలు దాటనంత వరకు ఏటా నిర్వహణ రుసుము లేని 'బేసిక్ సర్వీసెస్ డీమ్యాట్ ఖాతా' సదుపాయం ఉంది, దానికి మీరు అర్హులేమో బ్రోకరును అడగండి.

ఇక్కడ ఒక విషయం బాగా అర్థం చేసుకోవాలి: మీ షేర్లు బ్రోకరు దగ్గర ఉండవు. అవి ఎన్‌ఎస్‌డీఎల్ లేదా సీడీఎస్‌ఎల్ అనే డిపాజిటరీలో మీ పేరు మీద ఉంటాయి, బ్రోకరు ఆ ఖాతాకు తలుపు మాత్రమే. ఆ తలుపు తాళం పూర్తిగా మధ్యవర్తి చేతికిస్తే ఏమవుతుందో 2019లో తెలిసింది. హైదరాబాద్ కేంద్రంగా పనిచేసిన కార్వీ స్టాక్ బ్రోకింగ్ సంస్థ, ఖాతాదారుల షేర్లను వారికి తెలియకుండా తాకట్టు పెట్టి తన అవసరాలకు అప్పులు తెచ్చుకుందని తేలడంతో ఆ ఏడాది నవంబరులో సెబీ దాని మీద ఆంక్షలు విధించింది. ఆ తర్వాత నిబంధనలు బాగా బిగిశాయి. ఇప్పుడు షేర్లు అమ్మేటప్పుడు సాధారణంగా డిపాజిటరీ నుంచి ఓటీపీ మీ ఫోనుకే వస్తుంది. కాబట్టి డిపాజిటరీలో నమోదయ్యే ఫోను నంబరు, ఈమెయిలు మీవే అయి ఉండాలి, వాటిని ఏజెంటుకు ఇవ్వకూడదు. లావాదేవీ జరిగిన నెలల్లో డిపాజిటరీ పంపే ఏకీకృత ఖాతా నివేదికను తెరిచి, షేర్ల సంఖ్య మీ లెక్కతో సరిపోతోందో లేదో చూడాలి. నివేదిక తెరవడానికి పాన్ నంబరే పాస్‌వర్డు.

అమెరికా, గల్ఫ్ దేశాలకు వెళ్లిన మనవాళ్లు సాధారణంగా పట్టించుకోని నియమం ఒకటుంది. ఎన్‌ఆర్‌ఐ అయ్యాక పాత నివాసి డీమ్యాట్ ఖాతాను అలాగే వాడటం చెల్లదు, దాన్ని ప్రవాసుల కోసం ఉన్న ఎన్‌ఆర్‌ఓ ఖాతాగా మార్పించుకోవాలి. అమెరికాలో పన్ను కట్టేవారు భారతీయ మ్యూచువల్ ఫండ్లు (చాలామంది సొమ్మును కలిపి షేర్లు, బాండ్లు కొనే నిధులు) కొనేముందు అక్కడి పన్ను నిపుణుడిని అడగడం తప్పనిసరి, ఎందుకంటే ఆ దేశపు చట్టం వాటిని విదేశీ నిష్క్రియ పెట్టుబడి కంపెనీలుగా పరిగణించి భారీ పన్ను, విడి పత్రాల బెడద పెడుతుంది.

నాలుగో మెట్టు: తొలి బాండు

షేరు కన్నా ముందు బాండు కొని చూడమని నా సలహా, ఎందుకంటే ఇక్కడ లెక్క పారదర్శకంగా ఉంటుంది, మొదటి పాఠానికి నష్టభయమూ తక్కువే. 2021 నవంబరులో రిజర్వు బ్యాంకు ప్రారంభించిన 'రిటైల్ డైరెక్ట్' పోర్టల్‌లో ఎవరైనా రుసుము లేకుండా ఖాతా తెరిచి, కనీసం 10,000 రూపాయల ముఖ విలువతో ప్రభుత్వ బాండ్లను నేరుగా కొనవచ్చు. మొదటి ప్రయత్నానికి 91 రోజుల ట్రెజరీ బిల్లు (ప్రభుత్వం కొద్ది కాలానికి తీసుకునే అప్పు పత్రం) అన్నిటికన్నా అనువైనది. వీటి వేలం బుధవారాల్లో జరుగుతుంది. మీరు ధర చెప్పనక్కరలేదు, ఎంత మొత్తం కావాలో చెప్పి డబ్బు కడితే పెద్ద సంస్థలు పోటీపడి తేల్చిన సగటు ధరకే మీకూ దక్కుతుంది. ట్రెజరీ బిల్లుకు విడిగా వడ్డీ ఉండదు, ముఖ విలువ కన్నా తక్కువకు కొని గడువు రోజున పూర్తి విలువ తీసుకుంటారు. వంద రూపాయల బిల్లు 98 రూపాయల 40 పైసలకు వచ్చిందనుకుందాం. 91 రోజుల్లో లాభం 1 రూపాయి 60 పైసలు. దాన్ని 98.40తో భాగించి, 365తో గుణించి, 91తో భాగిస్తే ఏడాదికి సుమారు 6.5 శాతం. ఈ లెక్క ఒకసారి సొంత చేత్తో వేసినవారికి 'ఈల్డ్' (ఏడాది రాబడి శాతం) అన్న మాట ఇక ఎప్పుడూ అయోమయంగా అనిపించదు.

తర్వాత నేర్చుకోవలసినది దీర్ఘకాలిక బాండు ధర ఎందుకు మారుతుందన్నది. ఏడాదికి 7 శాతం వడ్డీని ఆరు నెలలకోసారి ఇచ్చే పదేళ్ల ప్రభుత్వ బాండును 100 రూపాయలకు కొన్నారనుకోండి. మర్నాడే మార్కెట్ వడ్డీ 8 శాతానికి పెరిగితే, కొత్త బాండు 8 ఇస్తుండగా మీ 7 శాతం బాండును వందకు ఎవరూ కొనరు, దాని ధర సుమారు 93 రూపాయల 20 పైసలకు పడిపోతుంది. వడ్డీ 6 శాతానికి తగ్గితే అదే బాండు 107 రూపాయల 44 పైసలు పలుకుతుంది. గడువు ఏడాదే ఉన్న 7 శాతం బాండయితే, వడ్డీ 8కి పెరిగినా ధర 99 రూపాయలకు కాస్త పైనే నిలుస్తుంది. గడువు ఎంత పొడవైతే ధర ఊగిసలాట అంత ఎక్కువన్నమాట. గడువు దాకా ఉంచుకునేవారికి ప్రభుత్వం పూర్తి వంద ఇస్తుంది కాబట్టి మధ్యలో ధర పడినా బెంగ లేదు. అందుకే బాండు గడువు మీ అవసరపు గడువుతో సరిపోవాలి: అయిదేళ్ల తర్వాతి పెళ్లి ఖర్చుకు అయిదేళ్ల బాండు నప్పుతుంది, ముప్ఫై ఏళ్ల బాండు నప్పదు.

మధ్యలో అమ్మే ఆలోచన లేనివారికి రిజర్వు బ్యాంకు తరఫున బ్యాంకులు అమ్మే ఏడేళ్ల ఫ్లోటింగ్ రేట్ సేవింగ్స్ బాండ్లు ఉన్నాయి. వెయ్యి రూపాయల నుంచి కొనవచ్చు. జాతీయ పొదుపు పత్రాల వడ్డీ రేటుకు 0.35 శాతం కలిపి ఆరు నెలలకోసారి రేటు నిర్ణయిస్తారు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ప్రభుత్వాలు తరచూ మంగళవారం వేలంలో తీసుకునే అప్పులు కూడా బాండ్లే, వాటినీ రిటైల్ డైరెక్ట్‌లో కొనవచ్చు.

ప్రభుత్వ బాండ్లను దాటి కంపెనీల, సంస్థల బాండ్లలోకి వెళ్లగానే మరో ప్రశ్న ఎదురవుతుంది: వీళ్లు అసలు తిరిగి ఇస్తారా? ఎక్కువ వడ్డీ అంటే ఆ సందేహానికి మార్కెట్ కట్టిన వెల. 2018 ఫిబ్రవరిలో హైదరాబాద్ మహానగర పాలక సంస్థ 200 కోట్ల బాండ్లను 8.90 శాతం వడ్డీకి జారీ చేసింది. అదే ఏడాది ఆగస్టులో అమరావతి రాజధాని నిర్మాణానికి రాజధాని ప్రాంత అభివృద్ధి సంస్థ (సీఆర్‌డీఏ) 2,000 కోట్ల బాండ్లను 10.32 శాతానికి జారీ చేసింది, దానికి రాష్ట్ర ప్రభుత్వ హామీ కూడా ఉంది. మధ్యలో మార్కెట్ వడ్డీలు కొంత పెరిగిన మాట నిజమే అయినా, పన్నులు వసూలవుతున్న నగరానికీ, ఇంకా కట్టవలసి ఉన్న నగరానికీ మధ్య మదుపరులు చూసిన తేడాయే ఆ రెండు అంకెల మధ్య దూరంలో ఎక్కువ భాగం.

క్రిసిల్, ఇక్రా, కేర్ వంటి సంస్థలు ఇచ్చే రేటింగులు ఈ సందేహాన్ని కొలిచే కొలబద్దలు. ట్రిపుల్ ఏ అత్యుత్తమం, ట్రిపుల్ బీ కన్నా దిగువన ఉన్నవి కొత్తవారు ముట్టుకోకూడనివి, డీ అంటే ఎగవేత. అయితే రేటింగు ఈ రోజు అభిప్రాయమే తప్ప రేపటికి హామీ కాదు. 2018లో మౌలిక వసతులకు నిధులిచ్చే ఐఎల్అండ్ఎఫ్ఎస్ సంస్థ రేటింగు కొద్ది వారాల్లోనే అత్యున్నత స్థాయి నుంచి డీకి జారిపోయింది. 2020 మార్చిలో యెస్ బ్యాంకును గట్టెక్కించే క్రమంలో దాని 'అడిషనల్ టియర్ 1' బాండ్లను (బ్యాంకు కష్టాల్లో పడితే రద్దు చేయగలిగేవి) 8,415 కోట్ల మేరకు సున్నా చేశారు, ఆ వివాదం కోర్టులకెక్కింది. ఫిక్స్‌డ్ డిపాజిట్ లాంటిదే అనుకుని ఆ బాండ్లను కొన్న పెద్దవాళ్లు ఉన్నారు. బ్యాంకులో కొన్నంత మాత్రాన అది డిపాజిట్ అయిపోదు. 'పర్పెచ్యువల్', 'టియర్', 'సబార్డినేటెడ్' అన్న మాటల్లో ఏది కాగితం మీద కనిపించినా కొత్తవారు ఆ బాండును వదిలేయడం మంచిది.

అయిదో మెట్టు: తొలి షేర్లు

మొదటి షేరు మదుపు ఒక్క కంపెనీలో పెట్టడం కన్నా, సూచీలోని కంపెనీలన్నిటినీ అదే పాళ్లలో కొనే సూచీ ఫండ్‌తో మొదలుపెట్టడం మేలు. నిఫ్టీ 50 సూచీ ఫండ్‌లో నెలకు 500 రూపాయలు పెట్టినా దేశంలోని యాభై పెద్ద కంపెనీల్లో చిన్న చిన్న వాటాలు దక్కుతాయి. ఒక కంపెనీ కుంటుపడితే సూచీ నుంచి తప్పుకుంటుంది, దాని స్థానంలో మరొకటి వస్తుంది. ఈ పని మీ ప్రమేయం లేకుండానే జరిగిపోతుంది.

ఇక్కడ చూడవలసినది ఖర్చు. ప్రతి మ్యూచువల్ ఫండ్‌కూ 'డైరెక్ట్', 'రెగ్యులర్' అని రెండు రూపాలుంటాయి. రెగ్యులర్‌లో ఏజెంటు కమీషన్ ఏటా మీ సొమ్ములోంచే పోతుంది. ఒక్క శాతం తేడాయే కదా అనిపిస్తుంది. లక్ష రూపాయలు పాతికేళ్లపాటు ఏటా 11 శాతం చొప్పున పెరిగితే సుమారు 13 లక్షల 58 వేలు అవుతుంది. అదే 10 శాతం చొప్పున అయితే 10 లక్షల 83 వేలు. లక్ష పెట్టినందుకు రెండు లక్షల డెబ్బయి అయిదు వేల రూపాయలు ఆ ఒక్క శాతంలో కరిగిపోయాయి. ఇంత శాతం రాబడి వస్తుందన్న హామీ ఏమీ లేదు, ఖర్చు మాత్రం ఖాయంగా పోతుంది, అందుకే దాన్ని ముందు తగ్గించుకోవాలి. మీ ఆర్థిక పరిస్థితి మొత్తం చూసి నిజాయితీగా దారి చూపే సలహాదారు ఉంటే, సెబీ నమోదు ఉన్నవారికి నేరుగా ఫీజు ఇచ్చి సలహా తీసుకోవడం ఇంతకన్నా చవక.

విడి కంపెనీ షేరు కొనాలనుకుంటే, మొత్తం షేర్ల సొమ్ములో పదో వంతుకు మించకుండా, నేర్చుకోవడానికే కొనండి. మీకు తెలిసిన రంగంలోని కంపెనీని ఎంచుకోండి. మందుల రంగంలో పనిచేసేవారికి డాక్టర్ రెడ్డీస్, దివీస్ వంటి కంపెనీల వార్షిక నివేదిక ఇతరుల కన్నా సులువుగా అర్థమవుతుంది (కొనమని చెప్పడం నా ఉద్దేశం కాదు, చదవమనే). నివేదికలో మొదట ఛైర్మన్ సందేశాన్ని పక్కనపెట్టి నగదు ప్రవాహ పట్టికకు వెళ్లండి. లాభనష్టాల ఖాతాలో లాభం ఏటా పెరుగుతూ, వ్యాపారం నుంచి వచ్చిన నగదు మాత్రం పెరగకపోతే, అమ్మిన సరుకుకు డబ్బు రావడం లేదేమో, లేదా ఆ లాభం కాగితం మీదిదేనేమో అని ఆగి చూడాలి. తర్వాత అప్పు ఎంత, వడ్డీ ఖర్చు లాభంలో ఎన్నో వంతు అన్నది చూడండి. ప్రమోటర్లు (కంపెనీని స్థాపించి నడిపేవారు) తమ షేర్లను తాకట్టు పెట్టారా, ఆడిటరు నివేదికలో అభ్యంతరాలు రాశారా, సొంత బంధువుల కంపెనీలతో లావాదేవీలు ఎంత అన్నవి ఆ తర్వాత వస్తాయి. ఒక్కో షేరుకు వచ్చే లాభంతో ధరను భాగిస్తే పీఈ నిష్పత్తి వస్తుంది. ఆ లాభానికి ఎన్ని రెట్లు చెల్లిస్తున్నారో అది చెబుతుంది, అదే రంగంలోని ఇతర కంపెనీలతోనూ, ఆ కంపెనీ గతంతోనూ పోల్చినప్పుడే దానికి అర్థం.

ఇంత చూసినా మోసం దొరక్కపోవచ్చు. హైదరాబాద్ సత్యం కంప్యూటర్స్ అధినేత రామలింగరాజు 2009 జనవరి 7న రాసిన లేఖలో, ఖాతాల్లో చూపిన నగదులో 5,040 కోట్ల రూపాయలు అసలు లేనే లేవని ఒప్పుకున్నారు. ప్రపంచ స్థాయి ఆడిట్ సంస్థ సంతకాలు పెట్టిన లెక్కలవి. షేరు ధర ఆ ఒక్కరోజులో నాలుగింట మూడు వంతులకు పైగా పడిపోయింది. తమ జీతం, తమ పొదుపు రెండూ ఆ ఒక్క కంపెనీ మీదే ఉంచుకున్న ఉద్యోగులు రెండు విధాలా దెబ్బతిన్నారు. పనిచేసే కంపెనీ ఇచ్చే షేర్ల మీద మమకారం ఉండవచ్చు, అయినా అవి మీ మొత్తం సొమ్ములో చిన్న భాగంగానే ఉండేలా చూసుకోండి.

ఆర్డరు పెట్టేటప్పుడు తెర మీద కనిపించే రెండు వరుసలను గమనించండి. ఎడమ పక్క కొంటామనేవారి ధరలు, కుడి పక్క అమ్ముతామనేవారి ధరలు. బాగా చేతులు మారే షేరులో కొనే ధర 412.30, అమ్మే ధర 412.45 అన్నట్టు తేడా పైసల్లో ఉంటుంది. ఎక్కువగా చేతులు మారని షేరులో ఒకపక్క 86, మరోపక్క 91 ఉండవచ్చు. అక్కడ దొరికిన ధరకే కొనమనే 'మార్కెట్ ఆర్డరు' పెడితే 91కి కొన్న మరుక్షణంలో మళ్లీ అమ్మబోతే 86 మాత్రమే వస్తుంది, అంటే అయిదు శాతానికి పైగా నష్టంతో మొదలుపెట్టినట్టు. అందువల్ల ఎంత ధరకు మించి కొనబోరో చెప్పే 'లిమిట్ ఆర్డరు'నే ఎప్పుడూ వాడండి. ఉత్పత్తి రకం అడిగే చోట 'డెలివరీ' (షేర్లను మీ ఖాతాలోకి తీసుకోవడం) ఎంచుకోండి. మార్కెట్ ఉదయం 9.15 నుంచి మధ్యాహ్నం 3.30 వరకు నడుస్తుంది, కొన్న షేర్లు మర్నాటి పనిదినాన ఖాతాలో పడతాయి. ఆర్డరు పెట్టిన రోజు లావాదేవీ వివరాలతో ఈమెయిలులో వచ్చే కాంట్రాక్ట్ నోట్‌ను తప్పక తెరవండి. పది వేల రూపాయల కొనుగోలు మీద లావాదేవీ పన్ను 10 రూపాయలు, స్టాంపు సుంకం రూపాయిన్నర, వాటితోపాటు బ్రోకరేజీ, ఎక్స్ఛేంజి రుసుము, వాటి మీద జీఎస్‌టీ విడివిడిగా కనిపిస్తాయి. తరచూ కొని అమ్మేవారి లాభాన్ని తినేసేవి ఈ చిన్న అంకెలే.

ఆరో మెట్టు: దూరంగా ఉండవలసినవి

ఫ్యూచర్స్, ఆప్షన్స్ (షేర్లు, సూచీల రాబోయే ధరల మీద కుదుర్చుకునే ఒప్పందాలు) వ్యాపారంలోకి దిగకండి. సెబీ జరిపిన అధ్యయనంలో 2021-22 నుంచి 2023-24 వరకు మూడు ఆర్థిక సంవత్సరాల్లో ఇందులో పాల్గొన్న వ్యక్తిగత ట్రేడర్లలో 93 శాతం మంది నష్టపోయారని, ఆ నష్టం మొత్తం 1.8 లక్షల కోట్ల రూపాయలు దాటిందని తేలింది. ఒకే రోజులో కొని అమ్మేసే ఇంట్రాడేలోనూ 2022-23లో పదిమందిలో ఏడుగురు నష్టపోయారు. మిగిలిన ఆ కొద్దిమందిలో మనం ఉంటామనే నమ్మకానికి ఆధారం ఏమిటో ఎవరికి వారు ప్రశ్నించుకోవాలి.

వాట్సాప్, టెలిగ్రామ్ గ్రూపుల్లో చేర్చి, ఓ యాప్ దించుకోమని, అందులో డబ్బు రెట్టింపైనట్టు చూపించి, వెనక్కి తీసుకోవాలంటే ముందు 'పన్ను' కట్టాలనేవారు పచ్చి మోసగాళ్లు. మదుపు సొమ్ము ఎప్పుడూ వ్యక్తి ఖాతాకు వెళ్లదు, లాభం మీద పన్నును బ్రోకరు ముందుగా చేతికి అడగడు. ఇలా డబ్బు పోగొట్టుకున్నాక పోలీసుల సైబర్ హెల్ప్‌లైన్ 1930కి ఎంత త్వరగా ఫోను చేస్తే తిరిగి దొరికే అవకాశం అంత ఎక్కువ. నమోదిత సంస్థల మీద ఫిర్యాదులకయితే సెబీ 'స్కోర్స్' పోర్టల్ ఉంది.

ఏడో మెట్టు: పన్ను

షేర్లు, షేర్ల ఫండ్లను ఏడాదికి మించి ఉంచుకుని అమ్మితే వచ్చే లాభంలో, ఏడాదికి 1.25 లక్షల రూపాయల వరకు పన్ను లేదు, ఆపైన 12.5 శాతం. ఏడాది లోపు అమ్మితే 20 శాతం. 2024 జులై 23 నుంచి అమల్లోకి వచ్చిన రేట్లివి. రెండేళ్లు ఉంచి అమ్మగా రెండు లక్షలు లాభం వచ్చిందనుకుంటే, 75,000 మీద 9,375, దానిపై నాలుగు శాతం సెస్సుతో కలిపి 9,750 రూపాయలు కట్టాలి. డివిడెండు, బాండు వడ్డీ మీ మొత్తం ఆదాయంలో కలిసి మీ శ్లాబు ప్రకారం పన్ను పడుతుంది. 2023 ఏప్రిల్ 1 నుంచి కొన్న డెట్ ఫండ్ల (బాండ్లలో పెట్టే ఫండ్ల) లాభానికీ అంతే. బడ్జెట్ వచ్చినప్పుడల్లా ఈ అంకెలను సరిచూసుకోవాలి.

ఎనిమిదో మెట్టు: నిష్పత్తి నిలుపుకోవడం

పదిహేనేళ్ల తర్వాతి అవసరానికి షేర్లలో 60, బాండ్లలో 40 పాళ్లు పెట్టారనుకుందాం. లక్షలో అరవై వేల షేర్లు 30 శాతం పడిపోతే 42,000 అవుతాయి, బాండ్ల నలభై వేలు అలాగే ఉంటే మొత్తం 82,000. షేర్లు ముప్ఫై శాతం పడినా మీ సొమ్ము పడింది పద్దెనిమిది శాతమే. ఇప్పుడు 82,000లో అరవై పాళ్లంటే 49,200. కాబట్టి బాండ్ల నుంచి 7,200 రూపాయలు షేర్లలోకి మార్చాలి. అందరూ భయపడుతున్న రోజున కొనడం మనసుకు కష్టమే, కానీ ఏడాదికోసారి ఫలానా తేదీన చేస్తానని ముందే కాగితం మీద రాసుకున్నవారికి ఆ నిర్ణయం భయానికి వదలనక్కరలేదు. షేర్లు బాగా పెరిగిన ఏడాది ఇదే లెక్క తిరగేసి, కొన్ని అమ్మి బాండ్లలోకి మార్చాలి. అవసరపు ఏడాది దగ్గరపడే కొద్దీ షేర్ల పాలు ఏటా కొంత తగ్గించుకుంటూ రావాలి, చివరి అయిదేళ్లు మిగిలేసరికి కావలసిన మొత్తం ఫీజో, పెళ్లో, ఇల్లో ఏదైనా సరే, పూర్తిగా బాండ్లలోనూ డిపాజిట్లలోనూ ఉండాలి.

ప్రతి ఖాతాకూ నామినీని నమోదు చేయండి. ఏ బ్రోకరు దగ్గర, ఏ డిపాజిటరీలో, రిటైల్ డైరెక్ట్‌లో, ఏ ఫండ్‌లో ఏముందో ఒక కాగితం మీద రాసి, అది ఎక్కడుందో భార్యకో భర్తకో, ఎదిగిన పిల్లలకో చెప్పి ఉంచండి. ఏడేళ్లు వరుసగా ఎవరూ తీసుకోని డివిడెండ్లతో పాటు ఆ షేర్లు కూడా కేంద్ర ప్రభుత్వ మదుపరుల విద్య, రక్షణ నిధికి బదిలీ అయిపోతాయి. అక్కడి నుంచి వాటిని తిరిగి పొందాలంటే వారసులు 'ఐఈపీఎఫ్-5' దరఖాస్తుతో పాటు వారసత్వ పత్రాలన్నీ కంపెనీకి సమర్పించి, తనిఖీ పూర్తయ్యేదాకా వేచి ఉండాలి.